నాచుకు నాచే మందు

మా ఇంట్లో చేపల తొట్టి ఉందంటే సరదాకు పెట్టుకున్నామని అందరూ అనుకునేవారు. సరదా అనే మాట మా గడప తొక్కి అప్పటికి ఐదు నెలలు. ఒక పొద్దున మోటరు వేయడానికి చేనుకు వెళ్ళిన మా ఆయన గట్టు మీదే కూలబడ్డారు. నా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఆటోలో వేసుకొని దవాఖానకు తెచ్చాడు. పక్షవాతమన్నారు. కుడి కాలు, కుడి చేయి, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. రెండు నెలలకు కాలు కొంచెం లేచింది, కర్ర పట్టుకొని ఇంట్లో నాలుగడుగులు వేయగలిగారు. చేయి ఒళ్ళో పడే ఉండేది. మాట సంగతి చెప్పాలంటే "ఆ", "ఊ". అంతే.

నేను వనపర్తిలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్తాను. మాకు పిల్లలు లేరు. పొద్దున లేచి ఆయనకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, తినిపించి, మందులేసి, పక్కింటి పెద్దమ్మను కూర్చోబెట్టి బడికి పరుగెత్తేదాన్ని. సాయంత్రం వచ్చి మళ్ళీ అదే పని. భూమి మరిది చూసుకుంటున్నాడు. ఇల్లు నేను చూసుకుంటున్నాను. నన్ను చూసేవాళ్ళు ఎవరని అడగకండి, ఆ ప్రశ్నకు సెలవు పెట్టి చాలా రోజులైంది.

వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు ఒక డాక్టరు ఇంటికొచ్చేవాడు. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు. "మేడం, నేను చేయి తిప్పుతున్న, తిరుగుతున్నది. గని సారుకే చేయాలనే గుణం పుడ్తలేదు. ఏదన్నా ఒకటి కావాలె అని మనిషికి అనిపించాలె. మొదటి ఏడాది పోయిందంటే ఇగ కష్టం." ముడులు వేయడం నేర్చుకోమని ఒక తాడు, ఒక గుడ్డ ఇచ్చిపోయాడు. ఆయన వాటిని ఎడమ చేత్తో తీసి మంచం కిందకు విసిరేశారు. నేను ఏరి మళ్ళీ ఒళ్ళో పెట్టాను. మళ్ళీ విసిరేశారు. ముప్పై ఏళ్ళు సేద్యం చేసిన మనిషికి తాడుతో ఆటలా అనుకున్నారో ఏమో, నాకైతే చెప్పలేదు. చెప్పే నోరెక్కడిది?

అప్పుడు వచ్చింది తొట్టి. మా బడిలో పనిచేసే ఒక టీచరుకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. సామానుతో తీసుకుపోతే అద్దం పగులుతుందని, మీ సారుకు పొద్దుపోతుందని చెప్పి, తొమ్మిది చేపలతో సహా మా ఇంట్లో పెట్టించి పోయింది. నాకు ఒళ్ళు మండింది. ఉన్న చాకిరి చాలదా, చేపలకు కూడా చేయాలా? కానీ ఆ సాయంత్రం చూశాను. ఒక పెద్ద ఎర్ర చేప ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంటే ఆయన చూపు దాని వెంటే పోయింది. అది తిరిగొస్తే చూపూ తిరిగొచ్చింది. ఐదు నెలల్లో ఆయన కళ్ళు ఒకదాని వెంట పడటం అదే మొదటిసారి. సరే, ఉండనీ అనుకున్నాను.

తొట్టిని కిటికీ పక్కన పెట్టడం నా తెలివి. మంచంలోంచి వీధీ కనబడుతుంది, చేపలూ కనబడతాయి కదా అని. తూర్పు కిటికీ. పొద్దుటి ఎండ గంటల తరబడి నీళ్ళలో పడేది. మూడు వారాలు తిరగకముందే అద్దమంతా నాచు పట్టింది, నీళ్ళు పచ్చబడ్డాయి. చేపలున్నాయో లేవో తెలియదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆదివారం వస్తే అందరూ మాంసం తెచ్చుకొని వండుకుంటారు. నేను బకెట్లు మోశాను. నీళ్ళన్నీ తోడి పారబోసి, అద్దం తోమి, కొత్త నీళ్ళు పోస్తే రెండు రోజులు బాగుండేది. నాలుగో రోజుకు మళ్ళీ మొదటికే. ఎనిమిదో తరగతికి బోర్డు మీద నాచు బొమ్మ గీసి, వెలుతురు ఉంటే చాలు ఇది ఎట్లా పెరుగుతుందో చెప్పేదాన్ని నేనే. ఇంట్లో దానితో ఓడిపోయేదాన్నీ నేనే. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఒకరోజు పిల్లలకు పాఠం చెప్తుండగానే నాకు తట్టింది. నాచు బతికేది వెలుతురు మీద, చేపల పెంట మీద. ఆ తిండిని ఇంకెవరైనా ముందే తినేస్తే నాచు మాడుతుంది. అంటే నీళ్ళలో పెరిగే మొక్కలు కావాలి. ఆ సాయంత్రమే తొట్టిని కిటికీ నుంచి ఇవతలి గోడకు జరిపించాను. మరుసటి ఆదివారం బస్సెక్కి గద్వాల వెళ్ళాను, అక్కడ చేపల దుకాణం ఉందని ఎవరో చెప్తే. గద్వాల పోయినవాళ్ళు చీర తెచ్చుకుంటారు. నేను గడ్డి తెచ్చుకున్నాను.

దుకాణం ఆయన మంచివాడు. నేనే మొండిదాన్ని. దళసరి ఆకులతో నిగనిగలాడే మొక్క ఒకటి కనబడితే అదే కావాలన్నాను.

"మేడం, గది సూడనీకే మంచిగుంటది. ఏడాదైనా గంతే ఉంటది, పెరగదు. నాచు పోవాలంటే బిరబిర పెరిగేటిది కావాలె. గిది చూడుర్రి, కుక్క తోక లెక్కున్నది. వారం తిరిగితే జానెడైతది. తిండంతా గిదే గుంజుకుంటది."

"ఇది చెత్తలా ఉంది కదయ్యా," అన్నాను.

"చెత్తే మేడం. నిజం చెప్పాలంటే జూరాల కాలువల ఊకెనే దొరుకుతది."

ఊకెనే దొరికేదాన్ని ఎవరు కొంటారు? దళసరి ఆకుల మొక్కే రెండు తెచ్చాను. జీవశాస్త్రం టీచరును, అంగడాయన మాట వింటానా? మెల్లగా పెరిగే మొక్క మెల్లగానే తింటుందని ఏ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. పది రోజులకు ఆ ఆకుల మీదే నాచు పేరుకుంది. అంచులకు నల్లటి నూగు కూడా పట్టింది. నాచును తరిమికొట్టమని తెస్తే దానికి పరుపు వేసిపెట్టినట్టయింది.

సిగ్గు మింగి మరిదికి ఫోన్ చేశాను. వాడు మర్నాడే కాలువలోంచి ఒక సంచి నిండా ఆ తోకల గడ్డి తెచ్చి పడేశాడు. తలుపు దగ్గర కూర్చున్న పక్కింటి పెద్దమ్మ సంచి విప్పి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఏంది టీచరమ్మా, నాచు పోనీకి నాచు తెచ్చినవా?"

ఆమె తప్పు కాదు. మాకు అద్దానికి పట్టేదీ నాచే, చెరువులో కాళ్ళకు చుట్టుకునే ఆ గడ్డీ నాచే. నీళ్ళలో పచ్చగా ఉన్నదానికల్లా ఒకటే పేరు. "ముల్లును ముల్లుతోనే తీయాలె పెద్దమ్మా," అన్నాను. "అయితే తీయి బిడ్డా, కాల్ల ఇరగకుండ చూసుకో," అంది.

ఆ గడ్డికి వేరు ఉండదు. నాలుగైదు కొమ్మలు కట్టగా కట్టి, కింద రాయి కట్టి వదలాలి. నేను దారంతో కట్టి వదిలేదాన్ని. సాయంత్రానికి దారం జారి కొమ్మలన్నీ పైకి తేలేవి, తేలినవి తొట్టిలో నీళ్ళు తిప్పే పంపు మూతికి చుట్టుకునేవి. మళ్ళీ కట్టేదాన్ని, మళ్ళీ తేలేవి. గట్టిగా బిగిస్తే కాడ తెగేది, వదులుగా కడితే జారేది. మోచేతుల దాకా తడిసి, నడుము పట్టేసి, దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద అట్లాగే పడి ఉండేవి.

ఆయన మంచంలోంచి చూస్తుండేవారు. అప్పుడు మొదలైంది ఆ మాట.

నేను తొట్టిలో చేయి పెట్టగానే ఆయన ఎడమ చేయి లేపి తొట్టివైపు చూపించేవారు. "ఉత్త," అనేవారు. "ఉత్త... ఉత్త."

మొదటిసారి విన్నప్పుడు నిజంగా సంతోషపడ్డాను. మాట వచ్చింది! పెద్దమ్మను పిలిచి వినిపించాను. తరువాత ఆ మాటేమిటో అర్థమయ్యేసరికి సంతోషం చల్లారిపోయింది. ఉత్త. ఉత్తదే. దండుగ. ఏడు నెలల తరువాత నోరు తెరిచిన మనిషి నా కష్టాన్ని చూసి అన్న మొదటి మాట అది.

"ఉత్తది కాదు, పనిచేస్తది చూడు. గడ్డి తిండి గుంజుకుంటది, నాచు మాడుతది," అని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపి, ఇంకా గట్టిగా, నోరు వంకర తిప్పుతూ "ఉత్త!" అనేవారు. రోజూ అదే. నేను కొమ్మ కడుతుంటే ఉత్త. అద్దం తుడుస్తుంటే ఉత్త. ఒక నెలంతా ఆ మాట వింటూ బతికాను.

ఒక సాయంత్రం బడిలో తనిఖీ అయి, ఒళ్ళు హూనమై ఇంటికొచ్చాను. పొద్దున కట్టిన కట్టలన్నీ తేలి ఉన్నాయి. సంచి కూడా దించకుండా చేయి నీళ్ళలో పెట్టాను. వెనక నుంచి "ఉత్త" అన్నారు.

ఇక పట్టలేకపోయాను. తడి చేతులతోనే ఆయన ముందు నిలబడి అరిచాను. "అవును, ఉత్తదే! గీ తొట్టి ఉత్తది, గీ చాకిరి ఉత్తది, నీ బతుకు ఉత్తది, నా బతుకు ఉత్తది! ఇగ సాలా? దిల్ కుష్ అయిందా?"

ఆయనకు మాట రాదు గానీ మాట అర్థం కాకపోవడమంటూ లేదు. డాక్టరు మొదటి నెలలోనే చెప్పాడు, అన్నీ అర్థమవుతాయి మేడం, జాగ్రత్తగా మాట్లాడుర్రి అని. తెలిసే అన్నాను. ఆయన చేయి దించుకున్నారు. ఆ తరువాత ఆ మాట కూడా రాలేదు. తినిపిస్తే తిన్నారు. డాక్టరు వస్తే చేయి ఇచ్చారు. తొట్టివైపు చూస్తే చూశారు, లేకపోతే లేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగే ఓపిక కూడా లేకపోయింది నాకు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ వారం గడిపాను.

ఒక రోజు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పెద్దమ్మ కుర్చీలో కునికిపాట్లు పడుతోంది. ఆయన మంచంలో లేరు. కర్ర గోడకు ఆనించి, తొట్టి పక్కన స్టూలు మీద కూర్చొని ఉన్నారు. నన్ను చూసి నవ్వారు. సగం నోటితోనే, కానీ నవ్వే. ఎడమ చేత్తో తొట్టిని చూపించారు, మన పొలం చూడు అని చుట్టాలకు చూపించినట్టు.

తొట్టిలో నీళ్ళు నీలంగా ఉన్నాయి. పంపులోంచి నీళ్ళు పడే చోట చిన్న గుడ్డ మూట వేలాడుతోంది. దాని లోంచి నీలం రంగు సన్నగా కారుతోంది. ఎర్ర చేప వెల్లకిలా తేలి ఉంది. ఇంకో ఆరు అడుగున పక్కకు ఒరిగి పడున్నాయి. రెండు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

ఆ రంగు చూడగానే నాకు తెలిసింది. మైలుతుత్తం. బడి ప్రయోగశాలలో కాపర్ సల్ఫేటని సీసాలో ఉండేది, బడి పిల్లల్ని ముట్టనివ్వను.

"చంపినవ్ గదా!" అన్నాను. "అన్నిటినీ చంపినవ్ గదా! ఏం పాపం చేసినై అవి?"

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. తొట్టివైపు చూశారు. అప్పుడే చేపల్ని చూసినట్టు చూశారు. నేను బతికిన రెండింటినీ గిన్నెతో పట్టి బకెట్లో వేసి, మూట లాగి పడేసి, మరిదికి ఫోన్ చేశాను. విషం ఇంట్లోకి ఎట్లా వచ్చిందో తెలియాలి కదా.

"నేనే ఇచ్చిన వదినా," అన్నాడు వాడు. "ఎందుకు, ఏమైంది? మనం నాటేసిన మడిల నాచు పట్టింది. ఇయ్యాల వనపర్తిల తుత్తం కొనుక్కొని పోతా పోతా అన్నను చూసి పోదామని వచ్చిన. సంచిల పాకిట్టు చూసి చేయి చాపిండు. అడిగిండు గూడ."

"అడిగిండా? ఏమని అడిగిండు?"

"తుత్తం అనే. మొదటి 'త' పలుకుతలేదు గని, 'ఉత్త, ఉత్త' అన్నడు. నాకు సమజయింది. చేను మీద పాణం కొట్టుకుంటున్నదేమో, చేతుల పట్టుకొని చూస్తడేమో అని పిడికెడు కాయితంల పోసి ఇచ్చిన. మస్తు ఖుషీ అయిండు వదినా. అన్న ఒకటి కావాలె అని అడగక ఎన్ని దినాలయింది!"

ఫోన్ పెట్టేశాను.

మా భూమి మొన్నమొన్నటి దాకా పల్లీలు, జొన్నలు పండే మెట్ట. లిఫ్టుతో ఎత్తిపోసే కాలువ నీళ్ళు వచ్చాక వరి వేశారు. వరితో పాటే మడిలో నాచూ వచ్చింది, పిలకలు రానివ్వకుండా. ఏం చేయాలో మా ఆయన పక్క ఊరి రైతుల్ని అడిగి తెలుసుకున్నారు. మైలుతుత్తం గుడ్డలో మూట కట్టి, మడిలోకి నీళ్ళు పడే చోట పెట్టాలి. పారే నీళ్ళతో అదే కరిగి మడంతా పోతుంది, నాచు చస్తుంది. ఆ మూటలు ఇంటి వాకిట్లో కూర్చొని కట్టేవారు. నేను పేపర్లు దిద్దుకుంటూ చూసేదాన్ని. ఎకరానికి పడే మందు గాజు తొట్టికి ఎంతో ఆయనకు తెలియదు. మడిలో ఎర్ర చేపలుండవు.

అంటే నెల రోజులుగా ఆయన నా కష్టాన్ని దండుగ అనలేదు. మందు చెప్తున్నారు. నడుము విరగ్గొట్టుకుంటున్న పెండ్లానికి తనకు తెలిసిన ఒక్క మందు, రాని నోటితో చెప్తున్నారు. దానికి నేనిచ్చిన జవాబు, నీ బతుకు ఉత్తదని.

వెళ్ళి ఆయన ముందు కింద కూర్చున్నాను. "తుత్తం అన్నవా నువ్వు? ఇన్ని దినాలు తుత్తమే అన్నవా?"

ఆయన కళ్ళు మూసుకొని "ఆ" అన్నారు.

ఏడ్చాను. పెద్దమ్మ లేచి ఏమైంది బిడ్డా, ఏమైంది అంటున్నా ఆపలేకపోయాను. "తప్పయింది, నేనన్నది మనసుల పెట్టుకోకు," అన్నాను. ఆయన చేపలవైపు చూస్తున్నారు, నావైపు కాదు. కాసేపటికి విషం సంగతి గుర్తొచ్చి, చేతులు కడుగుదామని చెంబు, సబ్బు తెచ్చాను. ఎడమ చేతికి నీలం అంటి ఉంది. కడిగాను. ఒళ్ళో ఉన్న కుడి చేయి తీసి చూస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ కూడా నీలమే.

మర్నాడు డాక్టరు వస్తే కవరులో పెట్టి ఆ మూట చూపించాను. తొట్టి అద్దం తుడిచే గుడ్డను చింపి, కొస మడిచి, రెండు చుట్లు చుట్టి వేసిన ముడి. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు కట్టిన్రు?"

"సారే."

"ఒక్క చేత్తోని పడే ముడి గాదు మేడం ఇది," అని వెంటనే తన సంచిలోంచి తాడు తీసి ఆయన చేతికిచ్చాడు. ఆయన తీసి మంచం కిందకు విసిరేశారు. డాక్టరు నావైపు చూశాడు. నాకు నవ్వొచ్చింది, చాలా రోజుల తరువాత.

తొట్టిని ఖాళీ చేసి, అడుగు రాళ్ళన్నీ తీసి ఎన్నిసార్లు కడిగానో లెక్కలేదు. పాత గడ్డి రెండు రోజుల్లోనే కుళ్ళి ఊడిపోతే అదీ పారేశాను. వారమంతా ఆ రెండు చేపలు బకెట్లోనే ఉన్నాయి. ఆదివారం మరిది కాలువ నుంచి మళ్ళీ ఒక సంచి గడ్డి తెచ్చి, దోషిలాగా గుమ్మంలోనే పెట్టి, అన్న మొహం చూడకుండా పోయాడు.

స్టవ్వు మీద పాలు పెట్టి, గడ్డిని తాంబాలంలో పోసి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. పక్కన దారం, రాళ్ళు.

"నాకు కట్టొస్తలేదు," అన్నాను. "ఎంత కట్టినా తేలుతున్నయి. నారు కట్ట లెక్క జర కట్టియ్యి."

ఆయన చాలాసేపు గడ్డిని చూశారు. విసిరేస్తారనే అనుకున్నాను. తరువాత ఎడమ చేత్తో ఒక పిడికెడు తీసి, మొదళ్ళు తాంబాలానికి తట్టి సమం చేశారు, నారు పీకిన ప్రతిసారీ చేసినట్టే. దారం చుట్టారు. అది జారింది. మళ్ళీ చుట్టారు. అప్పుడు కుడి చేయి ఒళ్ళోంచి కదిలింది. స్టూలు అంచుదాకా పాకి ఆగింది. మళ్ళీ లేచింది. బొటనవేలు దారం మీద పడింది. నా రెండు చేతులూ దానికేసి పోబోతే కొంగులో చుట్టుకొని కూర్చున్నాను. వంటింట్లో పాలు పొంగి స్టవ్వు ఆరిన వాసన వచ్చింది. లేవలేదు.

ముడి పడింది. రాయితో సహా కట్టను నీళ్ళలో వదిలాను. నేను కట్టినవన్నీ సాయంత్రానికే తేలాయి. అది తెల్లవారి చూసినా అడుగునే ఉంది.